ఎవరు కనబడ్డారు?

మొన్నామధ్య ఒక పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంటే గేటు చప్పుడైంది. కూర్చుని చాయ్ తాగే అలవాటు నాకు ఎన్నడూ లేదు. మా అవ్వ, మా బాపు తల్లి, బతికున్నప్పుడు "నీ కాళ్లకు చక్రాలున్నయా ఏందే, జర ఒక్క జాగల కూసో" అని కసిరేది. యాభై దాటి, మోకాళ్లు మొరాయిస్తున్నా ఆ చక్రాలు మాత్రం ఊడలేదు. వచ్చింది మౌనిక. గార్ల ఊరి పిల్ల. హెచ్ఐవి మీద పరిశోధన చేయడానికి కొత్తగా వచ్చే పిల్లలను కొన్నాళ్లపాటు నాలాంటి పాతవాళ్లకు అప్పజెబుతారు. మనిషి దగ్గర కనబడిన కష్టాన్ని ప్రయోగశాలకు ఎట్లా తీసుకుపోవాలో, అక్కడ దొరికిన జవాబును మళ్లీ ఆ మనిషి దాకా ఎట్లా తేవాలో నేర్పమని. అట్లా నా నెత్తిన పడినవాళ్లలో మౌనిక ఒకతి. జనగామ స్టేషన్లో దిగి ఆటో కూడా ఎక్కకుండా నడిచి వచ్చినట్టుంది, చెప్పుల నిండా దుమ్ము. వచ్చీ రాగానే కుర్చీలో కూలబడి, "మేడమ్, నేనీ పని మానేస్త" అంది.

ఏమైందే అంటే చెప్పదు, ఏడుపు. నాకు ఓపిక తక్కువ. నీళ్లిచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగి, మళ్లీ గదమాయిస్తే అప్పుడు చెప్పింది. ఏళ్ల తరబడి హెచ్ఐవి మందులు వేసుకుంటున్న ఆడవాళ్ల ఎముకలు తొందరగా ఎందుకు పలచబడుతున్నాయో, అది ముందే పసిగట్టే దారి ఏదైనా రక్తంలో దొరుకుతుందో లేదో చూడటం మౌనిక పని. భూపాలపల్లి పెద్ద దవాఖానలో మందులిచ్చే గదికి నెలనెలా వచ్చే ఆడవాళ్లు కొందరు ఇందుకు ఒప్పుకుని రక్తం ఇస్తున్నారు. వాళ్లలో ఒకామె ఆ నెల రాలేదు. అంతలో అంగడి రోజున కూరగాయలు కొనుక్కుంటున్న మౌనికకు, గాజుల దుకాణం ముందు ఆమె కనబడింది. ఈ పిల్ల ప్రాణం లేచి వచ్చినట్టయి, జనాన్ని తోసుకుంటూ పోయి, "అక్కా, బాగున్నవా? ఈ నెల రాలేదేంది?" అని అడిగింది. పక్కనే ఆమె ఆడబిడ్డ ఉంది. "ఎవరే ఈ పిల్ల? ఎక్కడికి రాలేదంటాంది?" అని ఆడబిడ్డ అడగటమూ, ఆమె మొహంలో నెత్తురు చుక్క లేకపోవడమూ ఒక్కసారే జరిగాయి. ఆమె జవాబు చెప్పకుండా ఆడబిడ్డ చెయ్యి పట్టుకుని జనంలో కలిసిపోయింది. ఆ రోజు నుంచి ఫోన్ బంద్. మందులకు రాలేదు.

"డబ్బా అయిపోయి ఉంటది మేడమ్. ఇంట్ల తెలిసిందో ఏమో. కొట్టిన్రో, ఎల్లగొట్టిన్రో. నా నోటి పాపాన ఆమె మందులు బంద్ అయితే..." అని ఆపేసింది. ఆపైన చెప్పాల్సింది నాకూ తెలుసు. మందులు ఆగితే లోపల పడుకున్నది లేస్తుంది, లేచింది ఈసారి అదే మందుకు లొంగకపోవచ్చు. ఆమె పేరు చెప్పబోయింది. చెయ్యి అడ్డం పెట్టాను. "పేరు నాకెందుకు? అది సరే గని, నువ్వు ఏడుస్తున్నది రక్తం ట్యూబుకా, మనిషికా?" అన్నాను. కాసేపు ముక్కు చీదుకుని, "రెండిటికి మేడమ్" అంది. నిజం చెప్పింది, ఫర్వాలేదు, పిల్ల పనికొస్తుంది అనుకున్నాను. కానీ ఆ తరువాత అన్న మాటే నా మనసులో ముల్లులా గుచ్చుకుంది. "తెలిసిన మనిషి ఎదురువడితే పలకరియ్యకుండ ఎట్ల పోవాలె మేడమ్? మా అమ్మ నన్ను గట్ల పెంచలే."

మా అవ్వ నన్నూ అట్లా పెంచలేదు. రఘునాథపల్లిలో మా ఇంటి నుంచి కిరాణా దుకాణానికి పోయి వచ్చేలోపు ఎదురైన ప్రతి మనిషినీ వరస పెట్టి పిలవాలి. అన్నకు అన్న, వదినెకు వదినె, పెద్దబాపుకు పెద్దబాపు. ఒక్కరిని మరిచినా ఆ కబురు నాకంటే ముందే ఇల్లు చేరేది. "నోరు మంచిదైతే ఊరు మంచిదైతదే. మొకం మీద మొకం వడ్డంక పలకరియ్యకపోతే, గదేం మనిషి జన్మ?" అని అవ్వ వాకిట్లోనే నిలబెట్టి తిట్టేది. పొయ్యి మీద జొన్న గటుక ఉడికే వాసన, గోడకు చేరవేసిన కందికట్టె వాసన, మధ్యలో అవ్వ తిట్లు. చిన్నమ్మ నా జడ అల్లుతూ లోలోపల నవ్వేది. మా బాపు తమ్ముడి భార్య ఆమె. పెళ్లయి మా ఇంటికి వచ్చేనాటికి ఆమెకూ నాకూ పెద్ద వయసు తేడా లేదు. అవ్వ తిట్లలో సగం తనే పంచుకున్నట్టు, నా జడను గట్టిగా లాగి వదిలేది.

అట్లా పెరిగినదాన్ని పట్టుకెళ్లి వసుంధరమ్మగారి చేతిలో పెట్టారు. ఆమె మా గురువు. కృష్ణా నదికి అవతలి మనిషి, సన్నగా, పొడుగ్గా, నీడ కూడా నిటారుగా పడేది. మానుకోటలో, కాగితాల మీద మహబూబాబాద్ అని రాసే ఊళ్లో, రైస్ మిల్లు వెనక ఒక ఇల్లు అద్దెకు తీసుకుని ముగ్గురం ఆడపిల్లలం ఆమెతోపాటు ఉండేవాళ్లం. అప్పటికి ఈ రోగానికి మందులు ఉచితంగా ఇవ్వడం అప్పుడప్పుడే మొదలైంది. మందు వేసుకున్నా కొందరి ఒంట్లో బలం ఎందుకు పుంజుకోవడం లేదన్నది మా ప్రశ్న. పొద్దున లేస్తే మిల్లు నుంచి ఉడికిన వడ్ల ఆవిరి, ఎండాకాలమైతే దానికి తోడు ఎండబోసిన మిరపకాయల ఘాటు. తుమ్ముకుంటూనే జావ తాగేవాళ్లం. మధ్యాహ్నం దవాఖాన నుంచి వస్తే చేతులు బ్లీచింగు కంపు. ఆ చేతులతో అన్నం తింటే మనిషికి తిండి మీద విరక్తి పుడుతుందని, మేడమ్ ఒక చెంబులో కుంకుడు రసం తీసి పెరట్లో పెట్టి ఉంచేది. ముందు ఆమె కడుక్కుని, తరువాత మా చేతుల మీద పోసేది. నా యాసకు మిగిలిన ఇద్దరు పిల్లలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్విన మొదటి రోజున, "రేపటి నుంచి పేషెంట్లతో మాట్లాడేది ఈ అమ్మాయే. మీరిద్దరూ పక్కన కూర్చుని వినండి, మీ భాష వాళ్లకు అర్థం కాదు" అంది. అంతే, నవ్వులు బంద్.

తీసిన రక్తంలోని కణాలు ప్రాణంతో ఉండగానే హైదరాబాదు చేరాలి. ఐసులో పెడితే చస్తాయి, ఎండకు వదిలితే ఉడుకుతాయి. అందుకని ట్యూబుల డబ్బాకు తడి గుడ్డ చుట్టి, ఒళ్లో పెట్టుకుని రైలెక్కేవాళ్లం. నా వంతు వచ్చినప్పుడల్లా మా ఊరి స్టేషన్ మీదుగానే పోయేదాన్ని. ప్లాట్‌ఫాం మీద ఎవరో ఒకరు కిటికీలో మొహం పెట్టి, "ఏం బిడ్డా, ఏం పట్కపోతున్నవ్?" అనేవారు. "పెరుగు కుండ బాబాయ్, మేడమ్ వాళ్లింటికి" అనేదాన్ని. మొదట్లో అబద్ధం ఆడటానికి చెమటలు పట్టేవి. తరువాత తరువాత పెరుగుతోపాటు మామిడికాయ తొక్కు కూడా చేర్చాను.

ఇవన్నీ నేర్చుకోవడం సులువే. మేడమ్ నేర్పిన అసలు విద్య వేరు. సాయంత్రం పని అయిపోయాక మమ్మల్ని మానుకోట బజారులోకి తీసుకుపోయేది. కూరగాయలు కొనడానికని పేరు. పొద్దున సూది గుచ్చినప్పుడు మా చెయ్యి గట్టిగా పట్టుకున్నవాళ్లు, వాళ్ల పిల్లల సంగతులన్నీ మాకు చెప్పుకున్నవాళ్లు, అక్కడ ఉల్లిగడ్డలు ఏరుకుంటూ, మగ్గులు కొనుక్కుంటూ కనబడేవాళ్లు. మేం వాళ్ల పక్క నుంచి, వాళ్లెవరో తెలియనట్టు పోవాలి. తల తిప్పేసుకోకూడదు, అదీ అనుమానమే. సోడాబండిని చూసినట్టు చూసి, సోడాబండిని దాటినట్టు దాటిపోవాలి. వాళ్లు ముందు పలకరిస్తే పలకాలి, మమ్మల్ని ఎవరని చెప్పి పలకరిస్తే వాళ్లమన్నట్టే పలకాలి. ఇంటికి చేరి సంచి దించగానే మేడమ్ ఒక్కొక్కరినీ అడిగేది. "ఏమ్మా, ఎవరు కనబడ్డారు?"

"ఎవరూ లేరమ్మా" అనాలి. అంటే, "అయితే టీ పెట్టు" అనేది. తడబడితే, కళ్లు తుడుచుకుంటే, "పాపం, ఆమె చిక్కిపోయిందమ్మా" అని నోరు జారితే, టీ ఉండదు. నాకు మొదటి రోజుల్లో చాలాసార్లు టీ లేదు. అరికాలి మంట నెత్తికెక్కేది. ఇదేం చదువు, మనిషిని మనిషి గుర్తుపట్టకుండా ఉండటం కూడా ఒక చదువేనా అని మిల్లు గోడ పక్కన కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. ఊరికి వెళ్లిపోదామని సంచి సర్దుకున్న రోజులూ ఉన్నాయి.

ఒకరోజు మా బల్ల ముందు కొంగు నెత్తి మీదుగా కప్పుకున్న ఒకామె వచ్చి చీటీ పెట్టింది. మేం పేర్లు రాయం, నంబరే. నంబరు రాసుకుని తలెత్తాను. మా చిన్నమ్మ. ఎవరూ గుర్తుపట్టకూడదని జనగామ, వరంగల్లు వదిలేసి ఇంత దూరం రైల్లో వచ్చింది. నేను ఏ గదిలో కూర్చుంటానో ఇంట్లో ఎవరికీ తెలియదు. వచ్చి, ఎవరి ముందు పడకూడదో వాళ్ల ముందే పడింది. ఆమె లేచి పోబోయింది. బయటికి పోతే మళ్లీ రాదు, ఆ సంగతి నాకు ఆమె కళ్లలోనే కనబడింది. నేను నంబరు మీదికి తల వంచి, "చెయ్యి ఇట్లా పెట్టండి" అన్నాను. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ 'అండి' అనరు. నా జడ అల్లిన చేతిని చూస్తూ అన్నాను ఆ మాట. తరువాత ఆమె మళ్లీ కూర్చుంది. చెయ్యి పెట్టింది. "సరేనండి" అంది.

ఆ సాయంత్రం బజారుకు పోలేదు. అయినా మేడమ్ అడిగింది, ఎవరు కనబడ్డారమ్మా అని. "ఎవరూ లేరమ్మా" అన్నాను. ఆమెకు వినబడక రెండోసారి అనాల్సి వచ్చింది. ఆమె నా మొహం వంక చాలాసేపు చూసి, ఎన్నడూ లేనిది తనే లేచి టీ పెట్టింది. మళ్లీ ఆ నంబరు వచ్చే రోజుల్లో నన్ను లోపలి గదిలో రక్తం తిప్పే యంత్రం దగ్గర కూర్చోబెట్టేది. కారణం ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

మా అన్న కూతురిని తొట్టెలలో వేసే పండుగకు ఇంటికి పోయాను. ఇంటినిండా చుట్టాలు. చిన్నమ్మ అప్పటికి సగమైంది. అందరి ముందూ అవ్వ నన్ను నిలదీసింది. "ఏమే, దవాఖానల పని జేస్తవు గదా. మీ చిన్నమ్మ గిట్ల ఎండుకపోతాంది, ఏం రోగమే దీనికి? చూసి చెప్పు." ముందు నుయ్యి, వెనుక గొయ్యి. "నాకేం తెలుస్తదవ్వా, నేను సూదులేసే డాక్టర్ను గాదు" అన్నాను. అవ్వ మండిపడింది. "గింత సదువు సదివి ఇంట్ల మనిషి మొకం చూసి చెప్పలేవా? పట్నం పోయి పొగరు నేర్చినవు గని, ఏం సదువే అది!" చుట్టాలు నవ్వారు. చిన్నమ్మ పెరట్లో గిన్నెలు తోముతూ తలెత్తలేదు. ఆ రోజే కాదు, ఆ తరువాత ఏళ్ల తరబడి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను గదిలోకి వస్తే ఆమె బయటికి పోయేది. ఇద్దరికీ ఏదో పడలేదని ఇంట్లో అనుకున్నారు, తప్పు నాదేనని కూడా అనుకున్నారు. మనవరాలికి కళ్లు నెత్తికెక్కాయనుకుంటూనే అవ్వ పోయింది. అది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఎంత కోపమొస్తుందంటే, ఎవరి మీదో తెలియని కోపం.

అవ్వ దినాలనాడు నీళ్ల దగ్గర ఆడవాళ్లం గుంపుగా ఉన్నాం. చిన్నమ్మ మందులు నియమంగా వేసుకుని తేరుకుంది అప్పటికి, బుగ్గలు నిండాయి. అంతమందిలో, అందరికీ వినబడేటట్టు, "ఓ బిడ్డా, గా బకీటు జర ఇటు పట్టు" అంది నన్ను. అందరూ తిరిగి చూశారు. నేను బకీటు పట్టుకున్నాను. సగం నీళ్లు నా చీర మీదే ఒలికాయి. ఇది రాయనా అని అడిగిన ఒక్కసారి తప్ప, ఆ సంగతి గురించి మేం ఈనాటికీ మాట్లాడుకోలేదు. జఫర్‌గఢ్‌లో ఇప్పుడు ఆమె మనవరాళ్లకు జడలు అల్లుతోంది. చిన్నమ్మ అన్నాను గనుక చిన్నమ్మేనని, జఫర్‌గఢ్ అన్నాను గనుక జఫర్‌గఢేనని అనుకుని మా చుట్టాలెవరూ లెక్కలు వేయకండి. చుట్టరికం మార్చాను, ఊరు మార్చాను. రాయడానికి ఆ మనిషి ఒప్పుకుంటేనే రాస్తున్నాను.

మౌనికకు ఇదంతా చెప్పలేదు. అంగడిలో కనబడిన ఆమె ఇంటికి పోయి కాళ్లు పట్టుకుంటానంటుంటే మాత్రం కేకలేశాను. "పోయి, దర్వాజ ముంగట నిలవడి ఏమని చెప్తవ్? అగ్గి మీద గ్యాసునూనె పోస్తవా? మాట ఆమె నుంచి రావాలె, మన నుంచి గాదు." అట్లా అన్నానే గాని ఆ రోజు నేనూ కుదురుగా కూర్చోలేకపోయాను. మర్నాడు మందులిచ్చే రోజని తెలిసి, ఇద్దరం భూపాలపల్లి బస్సెక్కాం. దారిలో మా మేడమ్ సాయంత్రాలు అడిగే ప్రశ్న సంగతి ఒక్కటి చెప్పాను. మౌనిక విని, "మాకు ఆన్‌లైన్ల క్లాసు పెట్టిన్రు మేడమ్, గోప్యత మీద. సర్టిఫికెట్ గూడ ఉన్నది" అంది. ఉండదా మరి. ఇప్పుడు రక్తానికి బార్‌కోడ్ ఉంది, డబ్బాకు వేడీ చల్లనా చూసే మీటరు ఉంది, రోజుకు ఒక్క మాత్రతో మనిషి ముసలితనం దాకా బతుకుతున్నాడు. ఎముకల గురించి బెంగపడేంత కాలం వాళ్లు బతుకుతారని మా మానుకోట ఇంట్లో ఎవరం అనుకున్నాం? అంతా మారింది. నెత్తి మీదికి కొంగు లాక్కోవడం మాత్రం మారలేదు. కొత్త పిల్లలకు నేర్చుకున్నామని సంతకం పెట్టించేవాళ్లున్నారు, సంచి దించగానే అడిగే మనిషి లేదు.

దవాఖానలో సాయంత్రం దాకా కూర్చున్నాం. తలుపు దగ్గర నీడ పడినప్పుడల్లా మౌనిక లేచి నిలబడేది. ఆమె రాలేదు. బస్టాండుకు వచ్చాం. బొగ్గుబాయి షిఫ్టు దిగిన జనంతో బస్టాండు కిటకిటలాడుతోంది. మౌనిక ఉన్నట్టుండి కొయ్యబారిపోయి, బస్సుల పేర్లున్న బోర్డు వైపు కళ్లప్పగించి చూడటం మొదలుపెట్టింది. నాకు అర్థమైంది. ఎవరో వస్తున్నారు, ఈ పిల్ల చూడనట్టు ఉండటానికి చస్తోంది. నేను పల్లీల పొట్లంలోకి తల దూర్చాను.

"ఓ సెల్లె! నిన్నే!" అని ఒక గొంతు. "గా దినం అంగడిల అడిగితివి గదా, కుట్టు సెంటరుకు రాలేదేందని. పత్తి ఏరుడు పనులు వడ్డయి, అందుకే రాలే. ఇగో, మా ఆడబిడ్డ ఊకె అడుగుతాంది ఎవరామె, ఎవరామె అని. ఫోను గూడ పాడైంది, చెప్పుదామంటే నీ నంబరు లేకపాయె."

మౌనిక ఇంకా బోర్డునే చూస్తోంది. మోచేత్తో గట్టిగా ఒక్క పోటు పొడిచాను. "ఔ... ఔనక్కా" అంది పిల్ల. "సోమారం రా. జాకెట్ గుడ్డ తెచ్చుకో. నీ మిషన్ ఎవలకు ఇయ్యలే."

పక్కనున్న ఆడబిడ్డ కళ్లు మెరిశాయి. "అయితే నాకు గూడ నేర్పుతరా?" గోరుచుట్టు మీద రోకటిపోటు. మౌనిక తడుముకుంటుంటే నేనే కలగజేసుకుని, "ఈ బ్యాచ్ నిండింది బిడ్డా, కొత్తది పెట్టినప్పుడు కబురు చేస్తం" అన్నాను. పెరుగు కుండలు మోసిన అనుభవం ఎక్కడికి పోతుంది! మౌనికను పలకరించినామె నా వైపు చూడనేలేదు. "సోమారం వస్త సెల్లె, తప్పకుండ వస్త" అని మళ్లీ అని, ఆడబిడ్డతో బస్సు వెంట ఉరికింది. మేం ఎక్కిన బస్సు పరకాల దాటే దాకా మౌనిక ఏడుస్తూనే నవ్వింది. "మేడమ్, నాకు సూదిల దారం ఎక్కియ్యరాదు" అని.

కానీ అన్నంత మాత్రాన వస్తారా? ఆడబిడ్డ నోరు మూయించడానికి అన్న మాట అయ్యుండవచ్చు కదా? సోమవారం పొద్దుటి నుంచి నాకు ఇదే యావ. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఫోన్ చేయకూడదని ఒట్టు పెట్టుకుని, మధ్యాహ్నానికే ఆ ఒట్టు గట్టున పెట్టాను. మౌనిక ఎత్తింది. వెనక దవాఖాన గోల, ఎవరో నంబర్లు పిలుస్తున్నారు. వచ్చిందా అని నోటి దాకా వచ్చిన మాటను మింగేసి, "ఏమ్మా, ఎవరు కనబడ్డారు?" అని అడిగాను. వసుంధరమ్మగారి యాసతో సహా వచ్చింది ఆ మాట.

అటు నుంచి ముక్కు చీదిన చప్పుడు.

"ఎవ్వరు లేరు మేడమ్" అంది మౌనిక. "టేబుల్ మీద ఎవలో ఒక జాకెట్ గుడ్డ మర్చిపోయి పోయిన్రు. ఎవలదో తెల్వది."

"అయితే చాయ్ పెట్టుకో పో" అన్నాను. నాకూ గ్లాసు నిండా పోసుకుని, కూర్చుని తాగాను.